కనబడదని చెప్పి వచ్చాక

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. ఎందుకని ఎవరైనా అడిగితే, బైబిల్లో వాక్యం చదువుకోవాలని కోరిక పుట్టిందని చెప్పేదాన్ని. అసలు సంగతి వేరు. మా ఇంట్లో చదివే మనిషి చదవడం మానేశాడు.

మంథని వైపు పల్లె నుంచి పెళ్లయి, గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గు బాయి కాలనీకి వచ్చాను. మా ఆయన బాయిలో తట్ట మోసేవాడు. ఏ షిఫ్టు నుంచి వచ్చినా ఒళ్లు కడుక్కుని, నన్నూ కొడుకునూ చాప మీద కూర్చోబెట్టి వాక్యం చదివి ప్రార్థన చేసేవాడు. నల్లా దగ్గర బిందెల కోసం నిలబడి, పొయ్యి దగ్గర మసిబారి, ఆయన బట్టలు ఉతికి వచ్చి కూర్చున్న నాకు కళ్లు మూతలు పడేవి. ఆమెన్ ఎప్పుడంటాడా అని చూసేదాన్ని. ఆదివారం చర్చిలో పాఠం చదివేది కూడా ఆయనే. బాయిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, తట్ట మోసేవాళ్లలో ఒకడంతే. చర్చిలో ఆయన లేచి పుస్తకం విప్పితే చంటిపిల్లలు కూడా ఊరుకునేవాళ్లు. వారమంతా ఆ కాసేపటి కోసం బతుకుతున్నట్టు ఉండేవాడు.

మాకు ఒక్కడే కొడుకు. పదో తరగతి తప్పాడు, పెళ్లయింది, పని లేదు. దుబాయి పోతానని జగిత్యాల ఏజెంటు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కోడలు అప్పటికే నెల తప్పింది.

అప్పట్లో బాయి మనిషి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ నౌకరీ కొడుక్కి వచ్చేది. కాలనీలో దాన్ని అన్‌ఫిట్ కావడం అనేవాళ్లు. నిజంగా నడుము పోయినవాళ్లున్నారు, చెవుడు నటించినవాళ్లూ ఉన్నారు. పిల్లకు పెళ్లి చేయడం, ఇంటికి కప్పు వేయడం లాగే అదీ తండ్రి చేయాల్సిన పని అనుకునేవాళ్లు.

ఒకరోజు అన్నం తింటూ కొడుకు అన్నాడు.

"అందరి బాపులు అన్‌ఫిట్ అయిండ్రు బాపు. నువ్వొక్కనివే గట్టిగున్నవ్."

నవ్వుతూనే అన్నాడు. ఆయన పళ్లెంలో చేయి కడిగేశాడు. అయిదో రోజు నాతో చెప్పాడు.

"కండ్లు పోయినయని చెప్త. దమ్ము రోగానికైతే మిషన్ పెట్టి చూస్తరు. కండ్లకు నా నోటి మాటే గదా."

పక్క క్వార్టర్ అతను అప్పటికే చెవుల మీద అన్‌ఫిట్ అయినవాడు. మా గోడ మీద క్యాలెండర్ పెట్టి ఈయనకు నేర్పడానికి వచ్చాడు.

"గిది చదువు అన్నా."

"శుక్రవారం."

"ఆగమైతవ్ అన్నా. కనబడుతలేదు అనాలె."

మళ్లీ చూపించాడు. ఈయన మళ్లీ చదివాడు.

"వదినె, గీన కండ్లు కాదు, నోరే దుష్మన్ గీనకు. అక్షరం కనబడితే ఆగదు."

నేను నవ్వాను. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

పరీక్ష రోజు సాయంత్రం వచ్చి చెప్పులు విడవకుండానే మంచం మీద కూర్చున్నాడు. ఏమన్నారని అడిగాను.

"చిన్నయి చూపెట్టిండ్రు, పెద్దయి చూపెట్టిండ్రు. ఆఖరికి అరచెయ్యంత అక్షరం చూపెట్టిండ్రు. కనబడుతలేదన్న."

కొన్ని నెలలకు కొడుక్కి నౌకరీ వచ్చింది. దుబాయి మాట పోయింది.

మా చర్చిలో సగం మంది బాయి వాళ్లే. కళ్లు పోయాయన్న మనిషి లేచి పాఠం చదివితే ఆ మాట ఆఫీసు దాకా పోవడానికి ఎంతసేపు? కొడుకు నౌకరీ పోతుంది. అందుకని పరీక్ష తర్వాతి ఆదివారం నుంచి ఆయన లేవలేదు. ఇంట్లోనూ పుస్తకం ముట్టలేదు. తలుపు వేసుకుని చదువుకోవచ్చు కదా అన్నాను.

"చర్చిల సదవనోడు ఇంట్ల సదువుడేంది?" అన్నాడు.

మరి వాక్యం ఆగిపోతుందని ఆయనకు దిగులు. మధ్యాహ్నం నేను నడుం వాల్చే అరగంటలో పలక తెచ్చి ఎదురుగా కూర్చునేవాడు. నిజం చెప్పాలంటే నాకు అక్షరాల మీద ఏ ప్రేమా లేదు. నిద్ర కావాలి. గట్టిపడిన ఆయన వేళ్లు నా వేళ్లను పట్టి దిద్దిస్తుంటే తూలి ఆయన భుజం మీద పడేదాన్ని. లేపి మళ్లీ దిద్దించేవాడు. పుస్తకంలో ఒక వచనం ఆగకుండా చదవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నెలకోసారి ప్రభువు పేరున రొట్టె పంచే సంస్కారం ఆదివారం కూడా ఆయన రొట్టె తీసుకోవడానికి ముందుకు పోవడం మానేశాడు. పాపం, దారి కనబడక పోవడం లేదని అందరూ అనుకున్నారు. ఒకసారి సంఘ పెద్ద ఒకాయన దయతలచి, "రా అన్నా, నేను పట్టుకపోత," అని చేయి పట్టి లేపాడు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఆయన తడుముకుంటున్నట్టు నడిచిపోయి మోకాళ్లూనాడు. కొడుకు మగవాళ్ల వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు రొట్టెతో ఆయన ముందుకు వచ్చారు. ఆయన చేతులు చాపలేదు. తలెత్తి ఏదో అన్నాడు. ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తున్నాడని నేను కొడుకు వైపు చూశాను. అయ్యగారు వంగి విన్నారు, రొట్టె ఇవ్వకుండానే పక్క మనిషి దగ్గరికి జరిగారు.

ఇంటికి వచ్చాక అడిగాను.

"కండ్లు మంచిగనే ఉన్నయని చెప్పిన. తప్పయిందని అందామంటే, రేపు మళ్ల అడిగినా కనబడుతలేదనే చెప్త గదా. తప్పు ఇడిచిపెట్టినోడే గద రొట్టె తీసుకునేది, నేనెట్ల తీసుకుంట?"

"అయ్యగారు ఎవరికన్న చెప్తే?"

"చెప్పడు. మళ్ల నెల గూడ రమ్మన్నడు. ఇయ్యకపోయినా వచ్చి మోకాళ్ల మీద కూసోమన్నడు."

అప్పటి నుంచి నెలనెలా పోయి మోకాళ్లూని, ఒట్టి చేతులతో లేచి వచ్చేవాడు. అయ్యగారు ఎవరికీ చెప్పలేదు.

మొదటిసారి అలా జరిగిన రోజు సాయంత్రం చాప పరిచాను. మధ్యాహ్నం షిఫ్టుకు మనిషి రాలేదని పిలిస్తే పోయి, సగంలోనే ఒళ్లు నొప్పులని వచ్చేసిన కొడుకు కూడా కూర్చున్నాడు. చెవుల వెనక బొగ్గు అట్లాగే ఉంది. నేను వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటున్నాను. నాలుగో మాటకే వాడు గోడకు తల ఆనించి నిద్రపోయాడు. లేపడానికి చేయి చాపాను.

"లేపకు," అన్నాడు ఆయన. తన తువ్వాల మడిచి వాడి తల కింద పెట్టాడు. "పనిచేసి వచ్చిండు. నువ్వు సదువు. జర మెల్లగ సదువు."