తల వంచి తీసే కెమెరా

1963 ఫిబ్రవరి 21, గురువారం. తెల్లవారి మంచు, పది దాటాక ఎండ. ఉదయం మైదాపిండి ఉడికించి, జిగురు చేసి చల్లారపెట్టాను.

ముత్తుకూరు గ్రంథాలయం వాళ్ళు లిఖిత పత్రికకు ఏదైనా ప్రయాణం గురించి రాయమన్నారు. గడియారాలు బాగుచేసుకునే నేను విడిభాగాల కోసం నెల్లూరు దాకా వెళ్ళి రావడమే తప్ప పెద్దగా ప్రయాణాలు చేసినవాణ్ణి కాదు. రెండు వారాల కిందట మాత్రం ఒక కెమెరా కోసం బిట్రగుంట వెళ్ళాను. అక్కడి నుంచి బోగోలు పక్కన సముద్రపు ఒడ్డున ఉన్న మా అక్క ఊరికి వెళ్ళాను. పాత కెమెరా కొనాలని ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా అక్క పేరు కరుణమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పలక మీద అక్షరాలు దిద్దించిందీ, ఏ రోజు చేసిన పని ఆ రోజు కాగితం మీద పెట్టమని అలవాటు చేసిందీ ఆమే. పోయిన నెల ఆమెను నెల్లూరులో చూపిస్తే కడుపులో గడ్డ అన్నారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇంకో నెల దాటడం కష్టం అన్నాడు. బస్సులో ఆమె పక్కన కూర్చుని తిరిగి వస్తుంటే తట్టింది, అక్కది ఒక్క ఫోటో కూడా మా దగ్గర లేదు. ఒకసారి స్టూడియోకు తీసుకెళ్తే, ఆ మనిషి నల్లగుడ్డ కప్పుకోగానే లేచి బయటికి వచ్చేసింది. ఇంకోసారి నేనే ఎవరిదో కెమెరా తెచ్చి కంటికి ఆనించుకున్నాను. "ఒంటి కన్ను మూసి గురి పెడతావేందిరా, నేనేమన్నా కొంగనా?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మొహానికి గురిపెట్టకుండా తీసే కెమెరా ఒకటుందని నాకు తెలుసు. ఒక పెళ్ళిలో బిట్రగుంట ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు దగ్గర చూశాను. నిలువు పెట్టె, ముందు ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళు. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, మూత తెరిచి, పైనున్న గరుకు అద్దంలోకి తల వంచి చూడాలి. ఆ గార్డు డికోస్టా గారు ఇప్పుడు ఉద్యోగం విరమించి, ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా అమ్ముతున్నాడని విన్నాను. అక్కకు ఉత్తరం రాశాను. నీ మొహం వైపు చూడకుండా తీస్తానన్నాను. సరే రమ్మని జవాబు వచ్చింది.

ఏడో తేదీ ఆరుంపావుకు ముత్తుకూరులో బస్సెక్కాను. నెల్లూరుకు డెబ్బై నయాపైసలు. బెజవాడ వైపు వెళ్ళే ప్యాసింజరు ఎనిమిది నలభైకి ఉంది, అది అరగంట ఆలస్యం. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. కోతలయిన పొలాల్లో కుప్పలు నూరుస్తున్నారు. పదిన్నరకు బిట్రగుంటలో దిగాను. ఇంజన్ల షెడ్డు దాటి ఎడమకు తిరిగితే రైల్వే ఇళ్ళు. ఏ ఇల్లని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. వాకిట్లో మంచాలు, కుర్చీలు, పియానో ఒకటి వరసగా పెట్టి ఉన్నాయి.

డికోస్టా గారి దగ్గర ఒకటి కాదు, రెండున్నాయి. ఒకటి ఆయన బావమరిది వదిలి వెళ్ళినది, నాలుగేళ్ళది, మెరుస్తోంది, తోలు సంచి కూడా కొత్తది. రెండోది ఆయనదే. రెండో ప్రపంచయుద్ధానికి ముందుది, మూలల దగ్గర నల్లరంగు పోయి ఇత్తడి కనిపిస్తోంది. నేను మొదట కొత్తదే తీసుకుని అద్దంలోకి చూశాను. వాకిట్లో మల్లెతీగ ఆకాకూ తెలిసింది.

"బాగుంది కదా?" అన్నాడు ఆయన.

"బాగుందండీ."

"అందరూ అట్లే అంటారు, మాన్. పైకన్ను చూడ్డానికి, కిందికన్ను బొమ్మ తీయడానికి. కొనేవాళ్ళంతా పైకన్నులో చూసి పడిపోతారు. కిందికన్ను చూడు."

ఆయనే వెనక తలుపు తెరిచి, కిందికన్ను తెరుచుకుని ఉండేటట్టు మీట నొక్కి పట్టుకుని, ముందు నుంచి టార్చిలైటు వేశాడు. అద్దం లోపల సాలెపోగుల్లాగా బూజు. సముద్రపు గాలికి పట్టిందట. పాతదాని కిందికన్ను కడిగిన గాజులాగా ఉంది. దాని తెర, అంటే షట్టరు, వేగాలన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అర సెకను కొద్దిగా ఈడుస్తోంది. మిగిలినవి సరిగ్గా ఉన్నాయి. నా పని అదే కాబట్టి అందులో పొరపాటు పడను. దూరం సరిచేసే మర తిప్పి చూశాను, వదులు లేదు. గంటన్నర చూశాను. నూట ముప్పైకి పాతది తీసుకున్నాను. ఫిల్ము ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదని, ఆయన దగ్గర మిగిలిన ఒకే ఒక రీలు ఊరికే ఇచ్చాడు. పన్నెండు బొమ్మలు పడతాయి.

"ఎవరిని తీస్తావు?"

"మా అక్కని."

ఎండకు అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆయన నేర్పించాడు. నువ్వు కుడికి జరిగితే అద్దంలో మనిషి తప్పు వైపుకు పోతుంది, కంగారు పడొద్దు అన్నాడు.

స్టేషను బయట జట్కా మాట్లాడుకున్నాను. రెండున్నర అన్నాడు, రెండుకు వచ్చాడు. బండతని పేరు మస్తాను. ఇసుక దారి మొదలయ్యాక దిగి గుర్రం పక్కనే నడిచాడు.

"ఆ సంచిలో ఏందన్నా?"

"కెమెరా."

"మా గుర్రాన్ని తియ్యన్నా. చెప్పకుండానే కదలకుండా నిలబడేది ఈ జిల్లాలో ఇదొకటే."

నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వింది అప్పుడే అనుకుంటాను. సరుగుడు తోటలు దాటాక సముద్రం వినిపించింది. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి. రెండింటికి అక్క ఇంటి ముందు దిగాను.

అక్క వరండాలో నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉంది. చేతులు సన్నబడిపోయాయి, పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంది. తెల్లచీర కట్టుకుని, తల దువ్వించుకుని నా కోసం సిద్ధంగా ఉంది.

"తిన్నావా?"

"రైలు దిగి తిన్నాను."

"అబద్ధం." పక్కింటి ఎస్తేరుకు చెప్పి నాకు చేపల పులుసూ అన్నం పెట్టించింది. నేను తినేదాకా చూసి, "ఇంక నీ పెట్టె తీయి, ఎండ పోతాది" అంది.

నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్నాను. కెమెరా మోకాళ్ళ మీద పెట్టుకుని మూత తెరిచి తల వంచాను. అద్దంలో అక్క కనిపించింది. మర తిప్పుతుంటే మొదట చీర అంచు తేలింది, తర్వాత మొహం. మొహం తేటపడేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాయి. వెలుతురికి మూసుకుందేమో అనుకుని ఆగాను. తెరవలేదు. పెదవులు కదిలాయి. నొప్పేమో అనుకున్నాను. నొప్పి అయితే అడగడం ఆమెకు ఇష్టం ఉండదు. ఒకటి నొక్కాను. రీలు తిప్పి మళ్ళీ తల వంచాను. మళ్ళీ అదే. అట్లా నాలుగు అయిపోయాయి.

"ఆమెన్ అనవేందిరా?" అంది అక్క, కళ్ళు మూసుకునే. "ఎంతసేపని మూసుకోను?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అక్క అన్నం ముందు ప్రార్థన చేస్తుంది, బస్సెక్కే ముందు చేస్తుంది, ఉత్తరం చించే ముందు కూడా చేస్తుంది. ఫోటో ముందు నేను తల వంచితే, నేను ప్రార్థన మొదలుపెట్టాననుకుంది. నేను ఆదివారం గుడికి వెళ్ళడం మానేసి పన్నెండేళ్ళు. కారణం ఇక్కడ అవసరం లేదు. అక్క ఎప్పుడూ నన్ను నిలదీయలేదు, ప్రతి ఉత్తరం చివర ఒక్క మాట అడిగేది, అంతే.

చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. "ఆమెన్" అన్నాను.

కళ్ళు తెరిచింది. "ఇన్నేళ్ళకి నా ముందర తల వంచినావు" అంది. "ఏమని చేసినావో అడగన్లే. పెద్ద ప్రార్థనే."

నేను రీలు తిప్పాను. దూరం సరిచెయ్యాలంటే తల వంచాల్సిందే. వంచితే ఆమె కళ్ళు మూసుకుంటుంది. "ఇంకోటా? చెయ్యి, చెయ్యి" అంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. తల వంచి మర సరిచేసి, ఆమెన్ అని తల ఎత్తి, ఆమె కళ్ళు తెరవగానే నొక్కాను. ఆ మధ్యాహ్నం ఇంకో ఎనిమిదిసార్లు ఆమెన్ అన్నాను. రీలు అయిపోయింది. ఆమె మొహం అంత నెమ్మదిగా ఉండడం నేను చాలా రోజులకు చూశాను.

మర్నాడు ఉదయం బయల్దేరుతుంటే వాకిలి దాకా రాలేక మంచం మీద నుంచే చెయ్యి ఊపింది. ఆ తర్వాతి బుధవారం తెల్లవారుజామున పోయింది. తంతి నాకు మధ్యాహ్నం అందింది. నేను చేరేసరికి పెట్టెకు మేకులు కొట్టేశారు. ఎండ ఎక్కువగా ఉంది, ఆగలేకపోయాం సామేలూ అన్నారు ఊరివాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు.

నిన్న నెల్లూరు స్టూడియోలో కడిగించిన ఫోటోలు తెచ్చుకున్నాను. కెమెరాలో లోపం లేదు, నేను ఎంచింది మంచిదే. కళ్ళు మూసుకున్న నాలుగింటిలో కనురెప్పల ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. కళ్ళు తెరిచిన ఎనిమిదింటిలో ఆమె వెనక గోడ సున్నం పెచ్చులు స్పష్టంగా ఉన్నాయి, మొహం మాత్రం నీళ్ళలో ఉన్నట్టుంది. ఆమెన్ అనగానే ముందుకు వంగి కొంగు సర్దుకోవడం అక్కకు అలవాటు. జానెడు వంగితే చాలు, సరిచేసిన దూరం తప్పిపోతుంది. అద్దంలోకి చూస్తూ ఉంటే తెలిసేది. నేను అన్నిసార్లూ ఆమె కళ్ళలోకే చూస్తూ ఉన్నాను. కిందికన్ను, మర, తెర, అన్నీ టార్చి వేసి చూసి కొన్నాను. ఇరవై ఏళ్ళు ఒకే పళ్ళెంలో తిన్న మనిషి ఏ మాటకు ఎటు వంగుతుందో ఆలోచించలేదు. ఇప్పుడు అది తెలిసినా దేనికీ పనికిరాదు.

ఇట్లాంటి కెమెరా కొనేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. తల వంచే ముందు, ఎదుట కూర్చున్న మనిషికి నోరు తెరిచి చెప్పండి, అద్దంలోకి చూస్తున్నానని.

ఆదివారం అక్క జ్ఞాపకార్థం కూడిక ఉంది. ఫోటో ఒకటి అట్టకు అంటించి తెమ్మన్నారు. అట్ట కత్తిరించాను. జిగురు పైన మీగడ కడుతోంది, ఇంకాసేపు ఆగితే పనికిరాదు. అట్ట మీద మొదట కళ్ళు మూసుకున్నది పెట్టి చూశాను. తీసి, కళ్ళు తెరిచినది పెట్టాను. దాన్ని కూడా తీసి, కళ్ళు మూసుకున్నదే జిగురు రాసి అంటించాను.