పేరు రాయని చీటీ

దువ్వాడ స్టేషన్ వెనక వీధిలో, రెండో అంతస్తు వాటాలో ఎగ్జాస్టు ఫ్యాను ఆగకుండా తిరుగుతోందంటే దీనా మొగుడు సెలవులో వచ్చాడన్నమాట. డేవిడ్ రాజు నేవీలో సబ్‌మెరైన్ మనిషి. నీటి అడుగున వారాల తరబడి మోటార్ల రొదలో పడుకున్నవాడికి ఇంటి నిశ్శబ్దంలో కన్ను మూతపడదు. అందుకే వంటింటి పక్క సామాన్ల గదిలో చాప వేసుకుని, తలుపు మూసుకుని, ఆ ఫ్యాను కింద పడుకుంటాడు.

"మీ ఆయనకి మంచం పడదేటమ్మా?" అని కింది వాటా ఈశ్వరి ఎత్తిపొడిచేది. "బియ్యం బస్తాలకి కాపలా ఎట్టీసినావా?"

దీనా నవ్వేసేది. ఈసారి నవ్వు రాలేదు. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన మరుక్షణం లోపల డబ్బాలు దొర్లాయి. తలుపు తీస్తే అతను చెమటతో తడిసిపోయి, రెండు చేతులతో గోడమీద దేనికోసమో తడుముతున్నాడు. అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. బోటులో, అంటే సబ్‌మెరైన్‌లో, రొద ఆగిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనట.

"ఆస్పత్రికి ఎల్దామండీ. నేవీ డాక్టరుకే సెబుదాం."

"సెప్తే దింపీసి ఒడ్డున కూకోబెడతారు. అప్పుడు నానేటి సేత్తాను? నీకు దండం ఎడతాను దీనా, ఎవులికీ సెప్పకు."

ఒకప్పుడు ఈ తీరం నుంచి రంగూన్ ఓడలెక్కిన మగవాళ్ళ ఇళ్ళకు, ఆలస్యంగానైనా, ఓ కార్డుముక్క వచ్చేది. దాన్ని చదివించుకోవడానికి వీధివీధంతా పోగయ్యేదని ముసలమ్మలు చెప్పేవారు. దీనాకి ఆపాటి కూడా లేదు. బోటు నీటి కిందికి వెళ్ళాక ఫోనుండదు, ఎప్పుడు తేలుతుందో చెప్పేవాళ్ళుండరు.

మనుషులకు చెప్పనని మాటిచ్చింది. దేవుడికి చెప్పొద్దని అతను అనలేదు కదా అనుకుంది.

ఆదివారం చర్చిలో కానుకల సంచి తిరిగేటప్పుడు ప్రార్థన చీటీలు కూడా అందులోనే వేస్తారు. దీనా పేరు రాయకుండా వేసింది. 'నీటి కింద పనిచేసే నా భర్తకు నిద్ర ఇవ్వు ప్రభువా, భయం తీసెయ్యి.' పాస్టరు అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని, అన్ని చీటీల్లాగే దాన్నీ మైకులో చదివారు. ఆ సంఘంలో స్టీలుప్లాంటు వాళ్ళున్నారు, రైల్వే వాళ్ళున్నారు. నీటి కింద పనిచేసేవాడు ఒక్కడే. మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాడు.

అతను తల ఎత్తలేదు. ఇంటికొచ్చి తిట్టనూ లేదు. మర్నాటి నుంచి ఫ్యాను వేసుకోలేదు. అందరిలాగే మంచం మీద, కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు. నిద్దరట్టిందా అంటే "ఆఁ, బాగా" అన్నాడు. సెలవు ఇంకా ఆరు రోజులుండగానే బ్యాగు సర్దుకున్నాడు.

"నాను తప్పు సేసీనానండీ. ఒక్కపాలి డాక్టరుకి..."

"ఏటి సెప్పాలి? బాగానే ఉన్నాను కదా."

ఆటో ఎక్కుతూ, పొరుగువాళ్ళకు ఊపినట్టు చెయ్యి ఊపాడు. శుక్రవారం నుంచి అతని ఫోను స్విచ్చాఫ్. బోటు వెళ్ళిపోయిందని ఆమెకు అలాగే తెలుస్తుంది.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, పక్కనున్న కుసుమకుమారి మోచేత్తో పొడిచింది. "లెగమ్మా. సెలవుండగానే డూటీకెల్లిపోనాడంటే దేవుడెంత నెమ్మది ఇచ్చీసినాడో సూడు. సాచ్చెం సెప్పాల గదా."

అయ్యగారు మైకు ఇటే పంపారు. దీనా లేచి నిలబడింది. నెమ్మది దొరికిందంటే దేవుడి ఎదుట అబద్ధం. దొరకలేదంటే అతన్ని మళ్ళీ అందరి ముందూ నిలబెట్టడం. మైకు రెండు చేతులా పట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే చూసి, అదే సాక్ష్యమనుకుని వెనక వరసలో ఎవరో స్తోత్రం అన్నారు. మిగతా అందరూ అందుకున్నారు. కీబోర్డు మొదలైంది. మైకు ఆమె చేతిలోంచి తీసుకుని ఇంకెవరికో ఇచ్చారు.