పదిహేడు తలుపుల టీచరమ్మ

పన్నెండు రోజుల కింద, పొద్దున, షేక్‌పేటలో ఒక టీ కొట్టు దగ్గర ఎవరితోనో వాదిస్తున్నాను. దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు. గొంతు మాత్రం పెద్దదే అయి ఉంటుంది. అప్పుడు ఫోన్ వచ్చింది, మా టీచరమ్మ కూతురు. "అన్నా, అమ్మ లేదే. ఛాతిల నొప్పి అన్నది. దవాఖానకు పోయేలోపే అయిపోయింది." వాదన ఎక్కడిదక్కడే ఆగింది. బతికి ఉన్నప్పుడు కూడా నా నోరు మూయించగలిగింది ఆమె ఒక్కతే.

ఫిలింనగర్ బస్తీలో ఆమె అంగన్‌వాడీ టీచరు. మా బూత్‌కు బీఎల్వో కూడా ఆమే. అంటే, ఓటరు జాబితాలో ఒక పేరు ఎక్కించాలన్నా తీయాలన్నా ముందు ఇంటికి వచ్చి, మనిషిని చూసి రాసుకునే బాధ్యత ఆమెది. చంకలో జాబితా కట్ట, చేతిలో గొడుగు, సంచికి దారంతో కట్టిన పెన్ను. "పెన్ను తీస్కున్నోడు తిరిగియ్యడు కొడుకా, దారం ఉంటే వాడే వెనక్కొస్తడు" అనేది.

ఆమెతో నా పరిచయం కొట్లాటతో మొదలైంది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. సభల దగ్గర పంచే కరపత్రాలు, ఫుట్‌పాత్ మీద దొరికే చిన్న పుస్తకాలు, అదే నా కాలేజీ. దొంగ ఓట్ల గురించి చదివిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టేది కాదు. ఎన్నిక దగ్గర పడ్డాక మా బూత్ జాబితా సంపాదించి ముందేసుకుని కూర్చున్నాను. ఒకే ఇంటి నంబరు మీద నలభై మూడు పేర్లు. ఒకరి ఇంటిపేరు ఇంకొకరికి లేదు. కట్ట పట్టుకుని నేరుగా అంగన్‌వాడీకి పోయాను.

"ఒక్క ఇంట్ల నలభై మూడు ఓట్లేంది మేడమ్? ఎవరి దగ్గర తిన్నరు?"

ఆమె ఒళ్ళో ఒక చంటిపిల్ల, చేతిలో ఉడకబెట్టిన గుడ్డు. తల కూడా ఎత్తలేదు. "జర కూసో. దీనికి తినవెట్టినంక నీకు చెప్త. గీడ తినేటోళ్లు ఎవరో నువ్వు గూడ చూసినట్లుంటది."

కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఈ కథే లేదు. మర్నాటికల్లా పసుపు కాగితం మీద కరపత్రం కొట్టించాను: "ఒకే తలుపు, నలభై మూడు దొంగ ఓట్లు." సందు సందుకూ పంచాను. అది ఒక పార్టీ మనుషుల చేతిలో పడింది. వాళ్ళు ఆ నలభై మూడు పేర్లూ తీసెయ్యమని ఫారాలు పెట్టారు. అందరికీ నోటీసులు వచ్చాయి: నువ్వు ఇక్కడ ఉంటున్నట్లు చూపించు, లేకపోతే పేరు పోతుంది.

ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇచ్చిన చాయ్ తాగింది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. "రాసింది నువ్వే గదా. వచ్చి నువ్వే లెక్కవెట్టు. పొద్దుగాల నాలుగున్నరకు" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ ఇంటి నంబరు, ఒకప్పుడు సినిమా సామాన్లు దాచిన గోదాముది. ఇప్పుడు దాని లోపల వరుసగా పదిహేడు గదులు. లైట్‌మ్యాన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, కాస్ట్యూమ్ కుట్టేవాళ్ళు. కార్పొరేషన్ ఎన్నడూ ఆ గదులకు విడిగా నంబర్లు ఇవ్వలేదు. మా ఇంటికి రెండే సందుల దూరం. జాబితాలో ప్రతి పేరూ చదివాను గానీ, ఒక్కసారి ఆ గేటు తోసి లోపలికి పోలేదు.

షూటింగ్ బస్సు ఐదింటికి వస్తుంది కాబట్టి ఆ లోపే మా పని. టీచరమ్మ అంగన్‌వాడీ సుద్దముక్కతో ఒక్కో తలుపు పక్కన అంకె వేసింది. మనిషిని ఆ అంకె కింద నిలబెట్టి నా ఫోన్లో ఫొటో తీయించింది. నాలుగో తలుపు తెరిచింది ఒక పోలీసు. నేను రెండు అడుగులు వెనక్కి వేశాను. తీరా చూస్తే ఆయన జూనియర్ ఆర్టిస్టు, కాకినాడ మనిషి, అందరూ కానిస్టేబుల్ బాబాయ్ అంటారు. ఉదయం సీనుకి డ్రెస్సు ముందే వేసుకున్నాడు.

"తెర మీద చాలాసార్లు చచ్చానండీ టీచరుగారూ. కాగితం మీద చంపడం మాత్రం ఇదే మొదలు. ఎవరండీ ఆ దర్శకుడు?"

టీచరమ్మ నా వైపు చూసింది గానీ నా పేరు చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. నేనే చెప్పాను. ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగి, "కూర్చో బాబూ, టీ తాగు" అన్నాడు.

తొమ్మిదో తలుపు దగ్గర లైట్‌మ్యాన్ భార్య ఒక్కతే ఉంది. ఆయన పోయి ఆరు రోజులు. నేను వెంటనే పేరు తీసే ఫారం బయటికి లాగాను. చచ్చినవాళ్ళ ఓట్లు ఒక గంట కూడా ఉండకూడదని నా కరపత్రంలోనే రాశాను మరి. టీచరమ్మ ఫారం మీద చెయ్యి పెట్టింది. బయటికి వచ్చాక చెప్పింది: "పదకొండు దినాలు అయ్యేదాంక ఎవరింటికీ ఈ కాయితం తీస్కపోకు. ఆ లోపు దొంగ ఓటు పడ్తదని భయమైతే, బూత్ కాడ నేను కూసుంట." పన్నెండో నాడు మళ్ళీ వెళ్ళాం. ముందు జాబితాలో ఆయన పేరు, ఫొటో ఆమెకు చూపించింది. ఆమె వేలితో ఆ పేరు తడిమింది. ఆ తర్వాతే టీచరమ్మ పెన్ను తీసింది.

నలభై మూడులో నలభై ఒక్కరు ఉన్నారు. ఒకాయన పోయాడు, ఒక డాన్సరు సొంత ఊరికి వెళ్ళిపోయింది. "నీ కాయితంల రెండు నిజాలున్నయ్ బిడ్డా. ఆ డాన్సర్‌ది నేను చూసుకోకపోవుడు నా తప్పే" అన్నది టీచరమ్మ. విచారణలో ఫొటోలు చూసి అధికారి నలభై ఒక్క పేర్లూ ఉంచాడు.

మా బూత్ కిందే జూబ్లీహిల్స్ వైపు ఒక వరుస బంగళాలు ఉన్నాయి. ఆ గేట్ల దగ్గరా టీచరమ్మ ఓటరు స్లిప్పులు పట్టుకుని అంతే ఓపికగా నిలబడేది. "సార్ పండుకున్నడు" అని వాచ్‌మన్ చెప్పేవాడు. "గేటు పెద్దగైన కొద్దీ ఓటు చిన్నగైతది" అని నవ్వేది. ఓటెయ్యనివాళ్ళ పేర్లు తీసెయ్యమని నేను ఎగిరితే, "రాకపోవుడు తప్పే. కానీ ఆ పేరు వాళ్లది. ఏదో ఒక్కనాడు బుద్ధి పుట్టి వస్తే, ఉండాలె గదా" అన్నది.

పోలింగ్ రోజు, గేటు మూయడానికి పది నిమిషాల ముందు, కానిస్టేబుల్ బాబాయ్ షూటింగ్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అదే పోలీసు డ్రెస్సులో. ఆ వేషంలో లోపలికి పోనివ్వనని నిజం పోలీసు ఆపేశాడు. నేను రాజ్యాంగం అందుకున్నాను. టీచరమ్మ తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఉపన్యాసం తర్వాత. ముందు నీ అంగీ ఇప్పు." నా చొక్కా వేసుకుని బాబాయ్ లోపలికి పోయాడు. నేను బనీను మీద, చేతిలో పోలీసు చొక్కా, టోపీ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నీ కరపత్రం కంటె నీ అంగీ నయం కొడుకా, ఒక ఓటు వేయించింది."

ఇవాళ పన్నెండో రోజు. నిన్నటిదాకా ఫారం ముట్టుకోలేదు. పొద్దున ఆమె ఇంటికి పోయి ముందు జాబితా తెరిచాను. కూతురు చాలాసేపు ఆ చిన్న ఫొటోనే చూసింది. "ఇంత నల్లగ పడ్డదేందన్నా" అని నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత తానే లోపలికి వెళ్ళి, దారం కట్టిన పెన్ను తెచ్చి ఇచ్చింది. దానితోనే రాశాను.

ఫారం జేబులో పెట్టుకుని వస్తూ గోదాము గేటు తోశాను. గోడలకు కొత్తగా సున్నం వేశారు. సుద్ద అంకెలు ఏమీ మిగలలేదు అనుకున్నాను. ఉన్నాయి. ఎవరి తలుపు పక్కన వాళ్ళే మళ్ళీ రాసుకున్నారు, ఒక్కొక్కటి ఒక్కో రాతలో. తొమ్మిదో తలుపు దగ్గర లైట్‌మ్యాన్ భార్య పీట ఎక్కి, సున్నం ఇంకా ఆరని గోడ మీద బొగ్గుతో దిద్దుతోంది.

"ఎవరు రాయమన్నరమ్మా?"

"రేపు కొత్త టీచరు వస్తది గదా. గీడ మనుషులున్నరని ఎర్కగావాలె" అన్నది. బొగ్గు తడిగోడకు అంటడం లేదు. ఊదుకుంటూ మళ్ళీ మళ్ళీ దిద్దుతోంది.