పరీక్ష సీసా

సిరిసిల్ల అద్దకం కార్ఖానాలో పనిచేసే రాజేశం చేతులు మోచేతుల దాకా నీలం. మధ్యలో బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండి పోయి పదేళ్లకు తిరిగొచ్చినా ఆ రంగు వదల్లేదు. పర్యావరణ సర్టిఫికెట్ కోసం, కార్ఖానా శుద్ధి చేసి వదిలే నీళ్లను సీసాలో పట్టి పరీక్షకు పంపడం అతని కొత్త పని. ఎంత శుద్ధి చేసినా మురుగునీళ్లు పెద్దసార్ల ముందు పెట్టడం మర్యాద కాదనుకున్నాడు. సీసా మూడుసార్లు కడిగి, తేటగా ఉన్న తన ఇంటి బోరు నీళ్లు నింపి, ఒక గుక్క తాగి చూసి మరీ పంపాడు.

వారానికి మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. “రాజేశం, గీ నీళ్లల్ల రంగుమందు విషం మస్తుగున్నదట. పశువులకు గూడ పెట్టద్దని రాసిండ్రు. మన శుద్ధి మిషనేమన్న ఖరాబైందా?”

రాజేశం ఆ కాగితం అందుకున్నాడు.

“మిషను మంచిగనే ఉన్నది సారూ. గవి మా ఇంటి బోరు నీళ్లు. పొద్దుగాల గూడ నా బిడ్డ తాగి బడికి పోయింది.”