ఖాళీగా ఉన్న ముందు సీటు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. విమాన దళంలో పదిహేనేళ్లు ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి. యంత్రం మొరాయిస్తే కారణం ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా విప్పితే దొరుకుతుంది. నాకు తెలిసింది అదొక్కటే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మీరేమనుకున్నా సరే.

డెబ్బయ్యవ దశకం చివరి సంగతి. సర్వీసు ముగించుకుని తిరుపతి వచ్చి లేత్ షాపు పెట్టుకున్నాను. ఊళ్లోని ఒక కాలేజీలో, రేకుల షెడ్డు కింద, టైగర్ మాత్ ఒకటి పడి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండు రెక్కల విమానం. పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి వాడేవాళ్లు. ముందు సీట్లో నేర్పేవాడు, వెనక సీట్లో నేర్చుకునేవాడు. విమానాన్ని లేపడానికీ దించడానికీ పట్టుకునే కర్ర, స్టిక్ అంటారు, ఇద్దరికీ చెరొకటి ఉంటుంది. రెండూ లోపల కలిసే ఉంటాయి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. ఒక్కరే నడిపేటప్పుడు వెనక సీట్లో కూర్చుంటారు.

రెక్కల మీది బట్ట చిరిగిపోయి, లోపల పిచ్చుకలు గూళ్లు పెట్టాయి. పాత ఇనుముకు వేసేస్తారని విని, నాకివ్వమని ప్రిన్సిపాల్ గారి చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. చివరికి విసుగెత్తి ఇచ్చేశారు.

బాగు చేయడానికి మూడేళ్లు పట్టింది. రెక్కలకు కొత్త బట్ట కుట్టడానికి దర్జీలెవరూ ఒప్పుకోలేదు. వడమాలపేట మరియమ్మ ఒప్పుకుంది. లంగాలు, జాకెట్లు కుట్టే మనిషి. రెక్కను నిలబెట్టి, ఆమె ఒక పక్క నుంచి మూరెడు సూది గుచ్చితే నేను రెండో పక్క నుంచి వెనక్కి పంపేవాణ్ణి. వేల కుట్లు. ఒక్కటి వంకర పోయినా ఆమే విప్పేసి మళ్లీ కుట్టేది.

మద్రాసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టారు. రేణిగుంట విమానాశ్రయంలో చిన్న ప్రదర్శన ఏర్పాటైంది. నడపడానికి పలమనేరులో ఆవులు పెట్టుకుని ఉంటున్న ఒక రిటైర్డు పైలట్ వచ్చారు. అందరూ ఆయన్ను కెప్టెన్ గారనేవాళ్లు. వయసు మీద పడుతోంది, మళ్లీ ఇలాంటి అవకాశం రాదని ఆయనకూ తెలుసు.

ఆ ఉదయం పుత్తూరు వైపు నుంచి కూడా జనం వచ్చారు. చివరిసారి చూద్దామని వెనక సీట్లో కూర్చుని స్టిక్ లాగాను. రాలేదు.

ఏదైనా అడ్డుపడితే గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఇది అలా లేదు. కొంచెం వచ్చి, మళ్లీ ముందుకు పోయింది. ఎదుటివాడు గట్టిగా పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. లేచి ముందు సీట్లోకి తొంగి చూశాను. ఖాళీ. బెల్టులు కట్టేసి ఉన్నాయి. స్టిక్‌కు ఏదీ తగలడం లేదు.

నా చేతి మీద నాకే అనుమానం వచ్చి మరియమ్మను కూర్చోబెట్టి లాగమన్నాను. రెండుసార్లు లాగి చెయ్యి తీసేసింది.

"ముందర ఎవురో పట్టుకోనుండారన్నా," అంది మెల్లగా.

కెప్టెన్ గారు ఆమెను దిగమని తాను ఎక్కారు. నేను తోక దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. స్టిక్ వెనక్కి వస్తే తోక పలకలు పైకి లేవాలి. లేచాయి, చాలా సులువుగా.

"సూడు సుబ్రమణ్యం, వెన్న మాదిరి వస్తా ఉండాది. ప్రొపెల్లర్ తిప్పప్పా," అన్నారు.

ఆ విమానం ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితేనే ఇంజన్ అంటుకుంటుంది. తిప్పాల్సింది నేను.

"తిప్పను సార్."

"ఇంతమంది వచ్చినారు. మూడేండ్లు దీనికోసరం సచ్చినావు గదప్పా."

"వచ్చినారు. అయినా తిప్పను."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంకొకరిని పిలవబోతే, వెళ్లి ప్రొపెల్లర్‌కు అడ్డంగా నిలబడ్డాను. జనం చాలాసేపు చూసి, తిట్టుకుంటూ వెళ్లిపోయారు. చెవులు మూసుకోలేదు, అన్నీ విన్నాను.

మూడు రోజులు విప్పాను. స్టిక్ నుంచి తోక దాకా తీగలు, కప్పీలు, అన్నీ చక్కగా కదులుతున్నాయి. ఏ లోపమూ లేదు. స్టిక్ కూడా నా చేతికి మామూలుగానే వచ్చింది. మూసేద్దామనుకున్నాను.

"ఊరికే మూయొద్దన్నా. రెక్కలు గూడా ఇప్పుదాం. మళ్లా నేను కుడతా," అంది మరియమ్మ. తన కుట్లు తనే కోసింది.

ఎడమ కింది రెక్కను విమానం ఒంటికి పట్టి ఉంచే బోల్టులో వెంట్రుకంత పగులు కనిపించింది. పాతదే బాగుందని తిరిగి బిగించింది నేనే. గాల్లోకి లేచాక ఎంతసేపు ఆగేదో చెప్పలేను. కానీ ఆ బోల్టుకూ తోకకూ ఏ సంబంధమూ లేదు. అది పగిలినందుకు స్టిక్ బిగుసుకోదు. ఈ మాట ఏ ఫిట్టరైనా చెబుతాడు.

విమానం పాత రికార్డులన్నీ చదివాను. ఆ విమానంలో ఎవరూ ఎన్నడూ చనిపోలేదు.

కొత్త బోల్టు వేశాం, మరియమ్మ బట్ట కుట్టింది. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి చూశాక, రెండు నెలలకు విమానం ఎగిరింది. ఈసారి జనం పెద్దగా లేరు. కెప్టెన్ గారు మూడు చుట్లు తిప్పి దించారు. దిగాక నన్ను పక్కకు పిలిచారు.

"ఆ పొద్దు వెన్న మాదిరి వచ్చిందంటి గదా. నేను లాగలేదప్పా. నా చెయ్యి తొడమీదనే ఉండాది. దానంతట అదే వచ్చింది."

"మరి చెప్పలేదే సార్?"

"చెప్తే నువ్వు ఎగరనిస్తావా?"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. తోక పలకలు తమ బరువుకు కిందికే వాలుతాయి, కాబట్టి వదిలేస్తే స్టిక్ ముందుకే పోవాలి. వెనక్కి రావాలంటే ఎవరో ఒకరు లాగాలి. ఆ పూట గాలి లేదు. నేను తోక దగ్గర ఉన్నాను. మరియమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఇంతకు మించి నాకు తెలియదు.