బిళ్ళగన్నేరు కషాయం

బెళుగుప్పకు పడమటి పల్లెలో హనుమక్క కూలికి పోయేది. వరుసగా వానలు తప్పి వేరుశెనగ నేలలోనే మాడిపోయాక ఆ కూలి కూడా లేకపోయింది. పంతొమ్మిది వందల అరవై మూడులో కదిరి నుంచి గంగాధరప్ప అనే వ్యాపారి వచ్చి బిళ్ళగన్నేరు ఆకు కొంటానన్నాడు. సమాధుల పక్కన, బీళ్లలో, చుక్క నీరు లేకపోయినా పూసే మొక్క అది. చేదుకు మేకలు కూడా ముట్టవు. హనుమక్క ఆకు దూసి, ఎండబెట్టి, గోనెసంచులకు ఎత్తేది. అది బొంబాయికి పోయి ఓడెక్కుతుందని విన్నది గానీ, ఎందుకని అడగలేదు. పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. అంతే చాలు.

మరుసటి ఏడు ఆమె మొగుడు కుళ్ళాయప్పకు మెడ మీద గడ్డలు లేచాయి. పసరుకట్లకు తగ్గలేదు. మిషను ఆసుపత్రి కాంపౌండరు యేసన్న మద్రాసు దారి చెప్పాడు. అక్కడ క్యాన్సరన్నారు, సూదిమందు ఇచ్చారు. గడ్డలు కరిగిపోయాయి. కుళ్ళాయప్ప ఊరికొచ్చి మళ్లీ బావి తవ్వకానికి దిగాడు. "సచ్చి బతికినా" అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఏడాది తిరక్కముందే గడ్డలు మళ్లీ వచ్చాయి, ఈసారి చంకల్లో కూడా. మద్రాసులో అదే సూది వేశారు. ఒక్కటీ కరగలేదు.

తెలుగు వచ్చిన డాక్టరొకాయన హనుమక్కను పక్కకు పిలిచాడు. "ఆ మందుకు రోగం ఇక లొంగదమ్మా. అమెరికాలో కొత్త మందొకటి చేస్తున్నారు, బిళ్ళగన్నేరు ఆకు నుంచి. దానికి లొంగితే లొంగొచ్చు. తెప్పించమని అడిగాం. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"ఆ ఆకు మేం సంచులకు సంచులు పంపుతాండాం సామీ! నేనే కాగబెట్టి తాపిస్తా."

"వద్దు తల్లీ. బండెడు ఆకు నుంచి చిటికెడు మందు తీస్తారు. ఊరికే కాచి తాపితే అది విషం. మనిషి దక్కడు."

తిరుగుదారిలో ఆమె కదిరి పోయి గంగాధరప్ప కాళ్లు పట్టుకుంది. "మా ఆకుతోనే మందు చేసేదంట అన్నా. ఒక్క సీసా తెప్పియ్యి."

"నాకు బొంబాయి దాకానే తెలుసక్కా. ఆడినుంచి యాడికి పోతాదో, ఏం చేస్తారో నాకేం తెలుసు?" అన్నాడతను. అది అబద్ధం కాదు.

ఇంట్లో అత్త నల్లమ్మ సంచుల మీద చెయ్యేసి ఏడ్చింది. "మందు ఇంట్లో కుప్పబోసుకుని నా కొడుకును సంపుతాండావు గదే!"

"డాక్టరు విషమన్నాడత్తా."

"దొరలకు పనికొచ్చేది నా కొడుక్కు విషమా?"

కుళ్ళాయప్ప కూడా బతిమాలాడు. "ఎట్లయినా పోయేవాణ్ణే గదా, ఇయ్యే." హనుమక్క ఇవ్వలేదు.

ఒక పొద్దున ఆమె నీళ్లకు దూరపు బావికి పోయింది. తిరిగొచ్చేసరికి పొయ్యి మీద కుండ, ఇల్లంతా పచ్చి చేదు వాసన. కుళ్ళాయప్ప అప్పటికే తాగేశాడు. వాంతులు ఆగలేదు. కాళ్లు చచ్చుబడ్డాయి. వారం లోపలే పోయాడు. పోయేముందు హనుమక్క చెయ్యి పట్టుకుని, "అమ్మను ఏమీ అనొద్దు" అన్నాడు.

దినాలనాడు ఊరివాళ్లు ఆమె వినేటట్టే అనుకున్నారు. "ఆకు కోసేది ఆమెనే గదప్పా. ఆమె కాకుంటే ఎవరు తాపింటారు?"

హనుమక్క అత్త వైపు చూసింది. నల్లమ్మ తల వంచుకుంది, నోరు తెరవలేదు. హనుమక్క కొంచెంసేపు కాచుకుని, లేచి గిన్నెలు కడగడానికి పోయింది. ఆ తరవాత ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. కోడలు సంగటి పెట్టేది, అత్త తినేది. మాటలు లేవు.

ఎండాకాలంలో యేసన్న వచ్చాడు. మద్రాసుకు ఆ మందు వచ్చిందట, ఇంకెవరికో గడ్డలు కరుగుతున్నాయట. వాకిట్లో కూర్చున్న నల్లమ్మ ఆ మాట విని, కోడలి వైపు తిరిగి, అన్ని నెలల తరవాత మొదటిసారి నోరు విప్పింది.

"నా కొడుకు ఉండింటే వానికీ వచ్చేదేనా అది?"

"వచ్చేదే" అంది హనుమక్క.