ఇటుక కింది కాగితాలు

కైరోలో మా ప్రెస్సు మెషీన్‌మన్ వగ్దీని అందరం 'ఉస్తా' అంటాం, అంటే మేస్త్రీ. ఆయన మెషీన్ పక్కన ఇటుక కింద ఎప్పుడూ ఒక మురికి కాగితాల కట్ట ఉంటుంది. అదెందుకో తెలిసేదాకా నాకు నిద్రపట్టలేదు.

కొత్త పని ఎక్కిస్తే రంగులు కుదిరేదాకా కొన్ని కాగితాలు పాడవక తప్పదు. అందరూ అందుకు కొత్త కాగితాలు తగలేస్తారు. ఉస్తా మాత్రం పాత పనుల్లో పాడైనవే మళ్ళీ ఎక్కిస్తాడు. అందుకే ఒక్కో కాగితం మీద పెళ్లికార్డు, దాని మీద దగ్గుమందు, ఆపైన ఎన్నికల్లో నిలబడ్డ ఎవడిదో మీసం.

"కాగితాల దగ్గర కూడా పిసినారితనమేనా ఉస్తా?" అని ఏడిపించాను.

"నువ్వు ఫూల్ చిక్కుడుగింజల కూర గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకోకుండా ఏనాడైనా లేచావురా?" అన్నాడు.

మొన్న ఒకావిడ చెట్లను కాపాడమనే పోస్టర్లు వేయించడానికి వచ్చింది. ఉస్తా అలవాటుగా ఆ కట్టలోంచే ఎక్కించాడు. మీసాల మీద పచ్చని చెట్టు మొలిచింది. ఆవిడ ఎగిరి గంతేసినంత పనిచేసింది.

"ఉస్తా, ఇది నాకిచ్చెయ్యండి! ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటా!"

ఇస్తాడా, ఇవ్వడా? నేను కటింగ్ మెషీన్ ఆపేసి మరీ చూస్తున్నాను. ఉస్తా కాగితాన్ని నెమ్మదిగా తిరగేశాడు. వెనక వైపు చుక్క సిరా లేదు, తెల్లగా ఉంది.

"దీనికింకా సగం ఆయుష్షుంది మదామ్. బతికుండగానే గోడకెక్కిస్తారా?"